ఖాళీగా ఇచ్చిన డబ్బా

మంగళవారం, రాత్రి

ఎదురు ఫ్లాట్ సుజాత గారు మొన్న స్టీలు డబ్బాలో సర్వపిండి తెచ్చిచ్చారు. మణికొండ వచ్చాక నా తలుపు ఎవరైనా తట్టడం ఇది రెండోసారి. మొదట తట్టినావిడ వారం పాటు అక్కా అక్కా అని తిరిగి, చివరికి బరువు తగ్గే పొడి అంటగట్టింది. అది ఇంకా అటక మీదే ఉంది. అందుకే ఈసారి జాగ్రత్తపడ్డాను. సర్వపిండి బాగుంది, అది వేరే సంగతి. ఆఫీసు నుంచి రాగానే డబ్బా కడిగి ఖాళీగా ఇచ్చేశాను. కాకినాడలో ఇలా చేస్తే అమ్మ చీవాట్లు పెట్టేది. కానీ ఇచ్చిపుచ్చుకోవడాలు మొదలైతే ఆగవు కదా.

ఆవిడ మూత తీసి చూసి నవ్వారు. "ఏందమ్మా, డబ్బా ఖాళీగ ఇస్తరా ఎవరన్న? జర చక్కెరన్న ఎయ్యి."

సిగ్గేసింది. గుప్పెడు పంచదార వేసి తెచ్చాను. "ఏమీ అనుకోకండి" అన్నాను.

"నేనేం అనుకోలె. సిద్దిపేట నుంచి వచ్చి ఏడాదైంది, ఈడ నాతోని మాట్లాడెటోళ్లే లేరు. రేపు చాయ్ తాగనీకి రా. ఇంకిద్దరు ఆడోళ్లు వస్తున్నరు."

మాట్లాడేవాళ్లే లేరన్న మనిషికి ఆ ఇద్దరూ ఎక్కణ్ణుంచి వచ్చారు? పొడి ఆవిడా సరిగ్గా ఇలాగే పిలిచింది. అక్కడా ఇద్దరున్నారు.

అయినా నా నోరు "వస్తానండి" అనేసింది.

ఫోన్ ఇంట్లోనే పెట్టి వెళ్తాను. ఫోనుంటేనే కదా డబ్బులు కొట్టమనేది.

రవ్వలడ్డూలకి మాత్రం రవ్వ ఇప్పుడే వేయించి పెట్టాను. నలుగురికీ సరిపోతుంది.