నాయన నేసే అడ్డుతెర

12 మే 1996, ఆదివారం
గుడియాత్తం

మా పెళ్లి పనులన్నీ కాంట్రాక్టుకు తీసుకున్న మురుగేశన్ అన్న ఈ రోజు వేలూరు నుంచి వచ్చాడు. మండపం, మేళం, పూలు, వంట అన్నీ రాసుకున్నాక, జీలకర్ర బెల్లం పెట్టేముందు మా ఇద్దరి మధ్య పట్టే తెర సంగతి ఎత్తాను. అది నాయన మగ్గం మీద నేసిన గుడ్డే కావాలన్నాను.

నాయన తలెత్తలేదు. "నేను నేసేది లుంగీలమ్మా. మొగపెళ్లోళ్ల ముందర లుంగీ గుడ్డ పడతారా యాడన్నా?" అన్నాడు.

"పట్టుతెర నా దగ్గరే ఉండాది," అని మొదలుపెట్టిన మురుగేశన్ అన్న ఆగిపోయాడు. లేచి వెళ్లి, మగ్గం మీదున్న గళ్ల గుడ్డను వేళ్లతో తడిమి చూశాడు.

"ఇన్ని పెళ్లిళ్లకూ ఆ ఒక్క తెరే పట్టినానప్పా. ఈ బిడ్డకు నువ్వు నేసింది పడదాం. రెండు గజాలు చాలు."

అత్తగారు ఏమంటుందో. కాబోయే ఆయనకైనా ముందే ఒక మాట చెప్పాలి. నవ్వుతాడేమో...

సాయంత్రం నాయన నా దగ్గరికి వచ్చి, "ఏం రంగు పెట్టాల?" అని అడిగాడు. ఇన్నేళ్లూ నూలిచ్చే యజమాని చెప్పిన రంగులే నేశాడు.

"నీ ఇష్టం నాయనా," అన్నాను.

చాలాసేపు ఆలోచించి పసుపు అన్నాడు. అన్నం తిన్నాక మళ్లీ వచ్చి, అంచుకు ఆకుపచ్చ అన్నాడు. ఇప్పుడు వాకిట్లో కూర్చుని, ఊదా అయితే ఎట్లుంటుందని అమ్మను అడుగుతున్నాడు.