డాన్ పక్కన నవ్వేవాడు

శనివారం రాత్రి, టూంగాబీ

ఆ క్రైమ్ సినిమా రెండో భాగం చూసొచ్చాం. డాన్ కుడిభుజంగా వేసినవాడికి నటన రాదు, సిగ్గూ లేదు. మొదటి భాగంలోనే వాణ్ని చంపేసి ఉంటే పీడ విరగడయ్యేది. డాన్ జోకు పూర్తికాకముందే పళ్లికిలిస్తాడు. కళ్లు మాత్రం చచ్చిన చేప కళ్లు. అంత దొంగనవ్వు ఏ మనిషీ నవ్వడని కార్లో దారంతా తిట్టిపోశాను.

వెనక సీట్లోంచి మా అమ్మాయి, "నాన్నా, దట్స్ యువర్ గ్రెగ్ లాఫ్!" అంది.

గ్రెగ్ మా మేనేజరు. నేను ఇంటినుంచి పనిచేసే రోజుల్లో మీటింగులన్నీ మా అమ్మాయి గదిలోకి వినిపిస్తాయి.

మా ఆవిడ దాన్ని మందలిస్తుందనుకున్నాను. "ఊరుకోవే, మీ నాన్నంత నేచురల్‌గా అతనెక్కడ చేశాడు?" అంది.

రేపు గ్రెగ్ ఇంట్లో బార్బెక్యూ. వీళ్లిద్దరూ వస్తున్నారు.