అత్తగారి చేతిసంచిలో కారు

అల్లుడుగారికి,

ఆశీస్సులు తర్వాత, ముందు సంగతి. ఎదురుగా చెబితే ఫోనులో తల దూర్చి ఊఁ కొడతారు కనుక రాస్తున్నాను. మీ కారులోంచి మాయమైన పెట్టె నా చేతిసంచిలో ఉంది. ఆ మెకానిక్కును తిట్టకండి, పాపం.

కార్లూ సిగ్నళ్లూ మాట్లాడుకునే ఏర్పాటు మీ ఆఫీసు చేసింది. సంతోషం. పెద్ద రోడ్డు మీద ప్రతి కారూ తనలోని పెట్టెతో ముందే కబురంపుతుంది, సిగ్నలు పచ్చదీపం పట్టి స్వాగతం పలుకుతుంది. నడిచేవాళ్లకు ఆ భాగ్యం లేదు. పక్షవాతం వచ్చిన మీ మామగారు రోడ్డు అవతలి క్లినిక్కులో నడక నేర్చుకోవడానికి వెళ్లాలని వాకరు పట్టుకుని సందు మొగలో నిలబడితే, కార్లు ఆగితేగా? చివరికి, "ఈ కాలు ఇంతేలేవే, ఇంటికి పోదాం పద" అనడం మొదలుపెట్టారు.

నాకు ఒళ్లు మండింది. భౌతికశాస్త్రం పాఠాలు చెప్పినదాన్ని, పెట్టెను బ్యాటరీకి తగిలించి సందు మొగలో నిలబడ్డాను. సందులోంచి కారొచ్చిందనుకుని సిగ్నలు పెద్ద రోడ్డును ఆపేసింది. మేము దాటేదాకా ఆపింది కూడా. "నీ కారు మరీ మెల్లగా పోతోందే" అని మీ మామగారు నవ్వారు. జబ్బు చేశాక అదే మొదటి నవ్వు. అప్పట్నుంచి రోజూ అలాగే దాటుతున్నాం.

సందు మొగలో కనిపించని కారు ఆగుతోందని, రేపు మనుషుల్ని పంపి పట్టిస్తామని రాత్రి భోజనాల దగ్గర సెలవిచ్చారు. వాళ్లెందుకు, మీరే రండి. పెట్టె మీ ఒక చేతిలో పెడతాను, మీ మామగారి చెయ్యి రెండో చేతిలో పెడతాను. దాటించి చూపించండి.

మీ అత్తగారు