పట్టపగలు వేసిన కర్టెన్లు

జూన్ 21, శనివారం, గాల్వే, ఐర్లండ్

ఇవాళ ఇక్కడ మన ఊరి ఎండే కాసింది. పదకొండు కాగానే అలవాటు చొప్పున కర్టెన్లన్నీ లాగేశాను. యానాంలో మా ఇల్లు ఫ్రెంచివాళ్ల కాలంనాటిది. నిలువెత్తు కిటికీలు, వాటికి సన్నటి చెక్కపలకల తలుపులు. ఎండెక్కకముందే అవి మూసెయ్యడం నానమ్మ నేర్పిన పని. దొరలు వెళ్లిపోయినా ఆ చల్లటి చీకటి మాకు మిగిలింది.

ఒంటిగంటకు పక్కింటి మోరీన్ తలుపు తట్టింది. డెబ్భై ఏళ్ల మనిషి. అంత ఎండలో నల్లకోటు, చేతిలో పళ్లెం నిండా శాండ్‌విచ్‌లు. నా చెయ్యి పట్టుకుని, “ఎవరు పోయారమ్మా?” అంది. ఇక్కడ పట్టపగలు కర్టెన్లు వేశారంటే ఆ ఇంట్లో చావని అర్థమట!

డ్యూటీ నుంచి వచ్చి ఈయన ఒకటే నవ్వు. “ఏంటే, బతికుండగానే నాకు దినం భోజనం పెట్టించేత్తన్నావా!” అంటూనే నాలుగు తినేశారు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఈ ఊళ్లో మాకేమైనా అయితే గుమ్మంలోకి వచ్చేదెవరని రెండేళ్లుగా బెంగ. ఏం జరిగిందో తెలియకుండానే ఆవిడ నల్లకోటు తొడుక్కుని బయల్దేరింది.

మోరీన్ ఒంటరిగా ఉంటుంది. రేపటినుంచి పొద్దున్నే ఆవిడ కర్టెన్లు తీసిందో లేదో నేనూ చూడాలి.