జావలో కలిపిన మాత్ర

అజీజియా, అల్ ఖోబర్, సౌదీ.

ఎస్తేరక్కకు చెల్లెలు రూతు వందనాలు.

బావగారి మోకాలు ఎలా ఉంది? వాన పట్టిందంటే ఆయనకు మెట్లు దిగడం కష్టమని తెలుసు, పొలానికి నడిచి వెళ్లనివ్వకు. కెజియా బాగా చదువుకుంటోందా? నేను కులాసాగా ఉన్నాను. వేళకు తింటున్నాను, నిద్రపోతున్నాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నీ గుండె ఝల్లుమని ఉంటుంది. నాకేమీ కాలేదక్కా. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు, ఇంటిల్లిపాదీ వింటారు. ఇది నువ్వొక్కదానివే చదవాలి. మా ఇంటి డ్రైవర్ ఖాజా అన్న సెలవు మీద కడప వెళుతున్నాడు, అక్కడ పోస్టులో వేస్తానన్నాడు.

ఇక్కడ ఎండ కాస్త తగ్గింది గానీ ఉక్క తగ్గలేదు. పొద్దున లేచేసరికి కిటికీ అద్దాలు బయటివైపు చెమట పట్టి ఉంటాయి. సముద్రం దగ్గరే, కానీ మన నరసాపురం గాలి కాదు. బియ్యం, పప్పు అన్నీ దొరుకుతాయి. చింతపండు కూడా దొరుకుతుంది. అందుకని తిండి గురించి దిగులు పడకు.

ఈ ఇంటి సంగతి నీకు ముక్కలు ముక్కలుగానే చెప్పాను. సారు పేరు యూసుఫ్. అమెరికా ఆయన, నల్లజాతివారు. ఎప్పుడో ముస్లిం అయ్యారు, ఇక్కడ కాలేజీలో ఇంగ్లీషు చెబుతారు. నా కఫీల్, అంటే నన్ను పనికి రప్పించుకున్న పూచీదారు, ఆయనే. ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఇకామా, ఆయన పేరు మీదే నడుస్తుంది కాబట్టి నన్ను ఉంచినా పంపినా ఆయన ఇష్టం. ఇంట్లో ఆయన, వాళ్లమ్మగారు, ఇద్దరే. ఆవిడ పేరు లొరేటా. ఎనభైకి దగ్గర పడ్డారు. భర్త పోయాక సారు ఇక్కడికి తెచ్చుకున్నారు. మనలాగే చర్చి మనిషి. నేను మామ్మా అని పిలిస్తే, వాళ్ల వైపు అమ్మని అలాగే పిలుస్తారని నవ్వింది. హాస్టల్లో నేర్చుకున్న నా ఇంగ్లీషు ఆవిడ దగ్గరే దారిన పడింది.

ఆవిడకు పొద్దున్నే మొక్కజొన్న నూకతో జావ కావాలి. మనం కాసుకునే జావ లాంటిదే, కాస్త వెన్న వేస్తారు. మొదటిసారి నేను కాచిన జావ తాగి, "ఎవరు నేర్పారు పిల్లా నీకు?" అంది. మా అక్క అన్నాను.

అక్కడినుంచి కబుర్లు మొదలయ్యాయి. ఆవిడ చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో నల్లవాళ్లకు హోటల్లో బల్ల దగ్గర కూర్చోబెట్టి పెట్టేవారు కాదట. పదహారేళ్లప్పుడు నేస్తాలతో కలిసి వెళ్లి కూర్చుంది. తెల్లకుర్రాళ్లు నెత్తిన పంచదార పోశారు, పచ్చడి పోశారు. లేవలేదట. నేను మన ఊరి టీకొట్టు సంగతి చెప్పాను. మన పేటవాళ్ల గ్లాసులు వేరుగా చూరులో పెట్టేవారని, నాన్న ఒకరోజు ఆ గ్లాసు కిందపెట్టి వచ్చేసి మళ్లీ ఆ కొట్టు గడప తొక్కలేదని చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

రంజాన్ అయిన తర్వాత ఆవిడ బాత్రూంలో పడిపోయింది. ఎముక విరగలేదు గానీ, గుండె బలహీనంగా ఉందని, అందుకే కాళ్లు వాస్తున్నాయని డాక్టరు మాత్రలు రాశాడు. ఆవిడ ముట్టుకోలేదు. సారు బతిమాలారు, కోప్పడ్డారు. ఊహూఁ.

నేనడిగితే నాకు చెప్పింది. "మా వైపు సర్కారు డాక్టర్లు మందిస్తామని చెప్పి బీద నల్లవాళ్లకు ఏళ్ల తరబడి రక్తం తీసుకున్నారు. మందివ్వలేదు. జబ్బు ఎలా పెరుగుతుందో చూడటానికి ఉంచుకున్నారు. మా నాన్న స్నేహితుడు అందులో ఒకడు. ఆఖరికి కళ్లు కూడా పోయాయి."

"ఈ డాక్టరు అలాంటాయన కాదు మామ్మా," అన్నాను.

"వాళ్లలో మాత్రం అలాంటివాణ్ణని ఎవడు చెప్పాడు గనక," అంది.

తర్వాత తమ్ముడి సంగతి చెప్పింది. జేమ్స్ అని, ఒక్కడే తమ్ముడు. కాగితం పంపి వియత్నాం యుద్ధానికి తీసుకుపోయారు. గెలుస్తున్నాం, అయిపోవచ్చిందని టీవీలో పెద్దవాళ్లు చెబుతూనే ఉన్నారట. ఇంటికి పెట్టె వచ్చింది. శత్రువుల కాల్పుల్లో పోయాడని పటాలం అధికారి వచ్చి టోపీ తీసి మరీ చెప్పాడు. కొన్నాళ్లకు జేమ్స్‌తో పనిచేసిన కుర్రాడు వచ్చి, తమ విమానం వేసిన బాంబే తమ మీద పడిందని చెప్పాడు. మామ్మ వాళ్లమ్మ ఆ కుర్రాడి మొహం మీద తలుపు వేసేసిందట. "నేను లోపలే ఉన్నాను. వెనక్కి పిలవలేదు. నీళ్లు కూడా ఇవ్వలేదు వాడికి," అంది.

అక్కా, ఇంత విన్నదాన్ని నేనే ఆ పని చేశాను.

ఒకరోజు సారు వంటింట్లోకి వచ్చి నిలబడ్డారు. నిద్ర లేక కళ్లు ఎర్రగా ఉన్నాయి. "రూతూ, నువ్వు ఏం పెట్టినా అమ్మ తింటుంది. మాత్ర పొడి చేసి జావలో కలుపు. పొడి చేసినా ఫరవాలేదని డాక్టరు చెప్పాడు. మా అమ్మ నాకు కావాలి," అన్నారు. కాదందామంటే ఇకామా గుర్తొచ్చింది, ఔనందామంటే ఆవిడ మొహం గుర్తొచ్చింది. తలూపాను.

మాత్రలు తెచ్చిచ్చిన ఖాజా అన్నతో నా బాధ చెప్పుకున్నాను. "మందే గదమ్మా, ఇసం గాదు గదా. ఆ పెద్దామె మంచికే గదా సారు చెప్పేది. మనసులో ఏం పెట్టుకోవాకు," అన్నాడు. నేనూ అదే అనుకుని గరిట వెనకతో నలిపి కలిపాను. రోజూ కలిపాను.

మందు పనిచేసింది. కాళ్ల వాపు తగ్గింది. ఆవిడ చెప్పుల్లో పాదాలు పెట్టుకుని వరండా దాకా నడిచింది. ఆ సాయంత్రం కొడుకుని పిలిచి, "చూశావా, నీ డాక్టరు లేకుండానే బాగయ్యాను. ఈ పిల్ల చేతి జావ. ఈ ఇంట్లో నాతో అబద్ధమాడనిది ఇదొక్కతే," అంది. సారు నా వైపు చూడలేదు. నేనూ ఆయన వైపు చూడలేదు.

ఆ రోజునుంచి బైబిలు తెరిస్తే అక్షరాలు కనబడేవి కావు. కొన్నాళ్లు ఓర్చుకున్నాను. ఒక పొద్దున ఆవిడ చెంచా ఎత్తుతుంటే మణికట్టు పట్టుకున్నాను.

"మామ్మా, ఇందులో మాత్ర ఉంది. రోజూ నేనే కలుపుతున్నాను."

ఆవిడ చెంచా దించింది. "ఎవరు చెప్పారు కలపమని?"

"ఎవరు చెప్పినా కలిపింది నేనే మామ్మా."

గిన్నె నా వైపు జరిపింది. తిట్టి ఉంటే బాగుండేదక్కా.

ఆ తర్వాత నా చేతి వంట మానేసింది. అరటిపండు, కమలాపండు, పెంకుతో ఉడికించిన గుడ్డు, ఇవే. అన్నీ తనే తొక్క తీసుకునేది. ఎవరూ లోపల ఏమీ పెట్టలేనివి చూసుకుని తినేది. మాత్ర లేదు కదా, మళ్లీ కాళ్లు పొంగాయి. సారు నన్ను పిలిచి, "ఎందుకు చెప్పావు? నీ మనసు తేలికపడ్డానికి మా అమ్మ ప్రాణం కావాలా?" అన్నారు. అది నిజమేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. ఇకామా ఈసారి కొత్తది చేయించననీ, ఎగ్జిట్ వేయించి పంపేస్తాననీ అన్నారు. పెట్టె కూడా సర్దుకున్నాను. నీకు ఫోన్లో చెప్పలేదు. బాగున్నాను, బాగున్నాను అనే అన్నాను కదా, అదీ అబద్ధమే.

మామ్మ ఆ మాటలు లోపలినుంచి వింది. గోడ పట్టుకుని హాల్లోకి వచ్చింది. కొడుకుతో నెమ్మదిగా అంది:

"పంపకు. దీన్ని నేను నమ్మను, ఆ సంగతి వేరు. కానీ నా జన్మలో నాతో అబద్ధమాడిన వాళ్లలో, తనంతట తాను వచ్చి చెప్పింది ఇదొక్కతే. సర్కారు చెప్పలేదు, పటాలం చెప్పలేదు, నా కడుపున పుట్టినవాడూ చెప్పలేదు."

సారు కుర్చీలో కూలబడి చేతుల్లో మొహం పెట్టుకున్నారు. ఆవిడ వెళ్లి ఆయన తల మీద చెయ్యి వేసింది. తర్వాత నాతో, "ఆ మాత్రలు ఇలా తీసుకురా," అంది. రేకు తనే చింపి, మాత్ర అటూ ఇటూ తిప్పి చూసి, అదేం చేస్తుందో నాతో చెప్పించుకుని మింగింది. ఇప్పుడు రోజూ తనే వేసుకుంటోంది. వాపు దిగుతోంది. నా ఇకామా కూడా కొత్తది వచ్చింది, ఆ భయం పెట్టుకోకు.

ఖాజా అన్న తిరిగొచ్చేటప్పుడు ఎండు రొయ్యలు కొంచెం, నీ చేతి గోంగూర పచ్చడి పంపగలిగితే కవరు వెనక రాసిన ఆయన కడప అడ్రసుకు పంపు. ఇబ్బందైతే వద్దు. కెజియాకు ఇక్కడినుంచి బట్టలు పంపుతున్నాను. బావగారికి వందనాలు చెప్పు. పాస్టరుగారికీ, సుందరమ్మ పెద్దమ్మకూ నా వందనాలు. పెద్దమ్మతో బాగున్నానని చెప్పు, అది ఇప్పుడు నిజమే.

ఆరోగ్యం చూసుకో అక్కా. నీ ప్రార్థనలో నన్ను తలుచుకునేటప్పుడు మామ్మనూ తలుచుకో. మళ్లీ నా జావ తాగుతోంది. కానీ గిన్నె ముందు పెట్టాక మొదటి చెంచా నేను తాగాలి. అది గొంతు దిగేదాకా ఆవిడ నా మొహం చూస్తూ కూర్చుంటుంది. ఆ తర్వాతే తను చెంచా ముంచుతుంది. నువ్వు నేర్పిన జావే అక్కా, ఆ ఒక్క చెంచా మింగడం మాత్రం కష్టంగా ఉంటోంది.

నీ ఆశీర్వాదం కోరుతూ,
నీ చెల్లెలు
రూతు