ఖాళీ సీసాకి మూత బిగించిన అన్నయ్యకి

అన్నయ్యా,

అమ్మ లేవగానే మాత్రలు ఇవ్వు. స్టవ్ మీద పాలున్నాయి, పొంగించకు. షెల్ఫులో ఉన్న ఖాళీ సీసా తీసి బయట పడెయ్యి.

ఆ సీసాలోని చాక్లెట్ హేజెల్‌నట్ స్ప్రెడ్, ఇవాళ బేకరీలో జరిగే నా పరీక్ష కోసం కొన్నానని నీకు తెలుసు. దాన్ని బన్నుల్లో కూరి, కాల్చి చూపిస్తేనే నాకు ఉద్యోగం. నువ్వు స్పూనుతో అడుగంటా గోకి తిని, మూత బిగించి, ఏమీ ఎరగనట్టు మళ్లీ అక్కడే పెట్టావు. తింటే తిన్నావు, "చెల్లే తినేసింది" అని అమ్మతో ఎందుకు చెప్పావు? "నోరు కట్టుకోలేని దానికి బేకరీలో ఉద్యోగమెందుకే?" అంది అమ్మ. నువ్వు పక్కనే నిలబడి నవ్వావు.

పొద్దున్నే లేచి, కేకు కోసం దాచుకున్న హేజెల్‌నట్లు వేయించి, పొట్టు తీసి, కోకో, చక్కెర కలిపి మిక్సీలో రుబ్బుకున్నాను. కొన్నదాని కన్నా బాగా కుదిరింది. మిక్సీ అంత మోత పెట్టినా నీ గురక ఆగలేదు.

చెల్లి

ఇంకో మాట. గట్టు మీద బోర్లించిన గిన్నె కింద అది కూరి కాల్చిన బన్ను నీకొకటి ఉంచాను. తినేముందు అమ్మకి నిజం చెప్పు. చెప్పే దమ్ము లేకపోతే కాకులకి వెయ్యి. అవి నయం, దొరికింది నలుగుర్ని పిలిచి తింటాయి.