స్క్రిప్ట్‌కు చేరని మాట

మార్చి 11, మంగళవారం

తిరుమలగిరి డయాలసిస్ సెంటర్‌లో నడిచేది మా సాఫ్ట్‌వేరే. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా నా స్క్రిప్ట్ డమ్మీ పేషెంట్ల స్లాట్లన్నీ క్యాన్సిల్ చేసి, మెసేజ్ వెళ్తోందో లేదో చూస్తుంది. ఇవాళ బిల్డ్ సర్వర్‌లో ‘టెస్ట్’ అని ఎంచుకుని రన్ కొట్టాను. అన్నీ పాస్. హాయిగా ఇంటికొచ్చాను.

మార్చి 12, ఉదయం

సెంటర్ నుంచి నర్సు మేబెల్ సిస్టర్ ఫోన్. బెడ్లన్నీ ఖాళీగా ఉన్నాయట. ‘మీ స్లాట్ రద్దయింది’ అని పేషెంట్లందరికీ నిన్న మెసేజ్ వెళ్లిందట.

లాప్‌టాప్ తెరిచి నిన్నటి రన్ మొదటి నుంచి చూడటం మొదలుపెట్టాను.

కాసేపటికి

దొరికింది. మా టీమ్ లీడ్ విజయేందర్ మొన్న సర్వర్‌లో, టెస్టా లైవా అని స్క్రిప్ట్‌కు చెప్పే పారామీటర్ పేరు మార్చాడు. ఎవరికీ చెప్పలేదు. స్క్రిప్ట్ పాత పేరుతో అడిగింది, ఏమీ రాలేదు. ఏమీ రాకపోతే సెంటర్‌లో నిజంగా నడిచే లైవ్ సిస్టమ్‌కే వెళ్లమని అందులో ఎవరో ఎప్పుడో రాసిపెట్టారు. నేను ఎంచుకున్న ‘టెస్ట్’ దానికి చేరనే లేదు. నేను క్యాన్సిల్ చేసింది నిజం మనుషుల్ని.

జెర ఆగు సృజనా, మెయిల్ల ఏం రాయకు, ఎస్సెమ్మెస్ కంపెనోళ్ల గడబడ అని చెప్తం అన్నాడు విజయేందర్. అలా చెబితే రేపటి స్లాట్లూ పోయాయని సెంటర్ వాళ్లకు తెలియదు. సిస్టర్‌కు ఫోన్ చేసి మొత్తం చెప్పేశాను. ఆమె వెంటనే, పేర్లు చదువు, ఒక్కొక్కరికి ఫోన్ చేస్తా అంది.

మధ్యాహ్నం

అందరూ దొరికారు, బ్రహ్మచారి గారు తప్ప. ఫోన్ స్విచాఫ్. పెళ్లికి వెళ్లి కిందటిసారి కూడా రాలేదట. వరసగా రెండు తప్పితే గుండె మీదికి వస్తుంది అంది సిస్టర్. ఇల్లు మెట్టుగూడ. ఆటోలో రాస్తున్నాను. ఆలుగడ్డబావి దగ్గర ట్రాఫిక్ కదలడం లేదు. ప్లీజ్. ప్లీజ్.

సాయంత్రం

ఆయన మంచం పట్టె పట్టుకుని రొప్పుతున్నారు. కాళ్లు ఉబ్బిపోయాయి. అంబులెన్స్ వచ్చేదాకా వీపు నిమురుతూ నిలబడ్డాను. నువ్వెవరమ్మా అని ఆయన భార్య శారదమ్మ గారు అడిగారు. ఆ మెసేజ్ నా వల్లే వచ్చింది అన్నాను. ఆమె ఆయన చెప్పుల కోసం వెతకడం మొదలుపెట్టారు.

మార్చి 13

ఐసీయూ. ఏమీ తెలియదు.

మార్చి 14

పారామీటర్ రాకపోతే అక్కడే ఆగిపోవాలని స్క్రిప్ట్ సరిచేశాను. తర్వాత నా లాగిన్ తీసేశారు. తప్పంతా స్క్రిప్ట్‌దేనని విజయేందర్ రిపోర్ట్ పంపాడట. కోపం కూడా రావడం లేదు. ఫోన్ మోగితే చాలు, సిస్టరేమోనని చూస్తున్నాను.

మార్చి 17

సెంటర్‌కు వెళ్లాను. బ్రహ్మచారి గారు మళ్లీ డయాలసిస్ మెషీన్ మీద ఉన్నారు. చేత్తో దగ్గరికి రమ్మన్నారు.

“ఆ మెసేజ్ చూసి మస్తు ఖుష్ అయిన బిడ్డా. ఒక్క దినమన్న సూదులు తప్పినయ్ అనుకున్న.”